ఎన్ని ఇంచులు పడింది

మా ఇంటికి ఇంటర్నెట్ లైను లాగిన రోజు మా నాయన అడిగిన మొదటి మాట, “ఎన్ని ఇంచులు పడింది పాపా?” అని.

మా గుమ్మఘట్ట పక్కన ఎక్కడ బోరు వేసినా అందరూ అడిగేది అదే. రిగ్గు లారీ వచ్చి రాతిని తొలుస్తుంటే, తెల్లదుమ్ము లేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. దుమ్ము తడిసి బురదగా మారితే అప్పుడు ముఖాల్లోకి కళ వస్తుంది. నీళ్లు పైకి చిమ్మాక ఒకటిన్నర ఇంచా, రెండు ఇంచులా అని వాదన మొదలవుతుంది. మా నాయన వేయించిన బోర్లలో చాలావాటి దగ్గర ఆ వాదనకు అవకాశమే రాలేదు. మిగిలిన ఒక్కదాన్ని ఆయన బాలింతను చూసుకున్నట్టు చూసుకుంటాడు. కాసేపు నడుపుతాడు, మోటారు గొంతు మారగానే ఆపేస్తాడు, రెండు మూడు గంటలు ఊరనిచ్చి మళ్లీ వేస్తాడు. ఆపకుండా తోడితే నీళ్లకు బదులు గాలి వచ్చి మోటారు కాలిపోతుంది. మా ఊళ్లో పలక పట్టని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

“ఇంచులు కాదు నాయనా, దీన్ని ఎంబీల్లో చెప్తారు” అన్నాను.

“ఏదో ఒకటి. బాగా పడిందా, లేదా?”

పడలేదు. కానీ ఆ రోజు నాకు ఆ విషయం తెలియదు.

నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. చేసి, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడుతున్నాను. మధ్యలో ఒక ప్రైవేటు బడిలో చెప్పాను, ఆ బడి మూతపడింది. తర్వాత దొరికింది ఈ షెడ్డే. రేకుల కప్పు కింద వరసగా మిషన్లు, వాటి ముందు మేము. కొత్త గుడ్డకున్న నీలిరంగు వేళ్లకు అంటుకుంటుంది. సబ్బు పెట్టి రుద్దితే చర్మం మీద పోతుంది కానీ గోళ్ల మూలల్లో మాత్రం ఉండిపోతుంది. అన్నం కలుపుకునేటప్పుడు రోజూ ఆ గోళ్లు కనబడతాయి. అలవాటైపోతుందని అందరూ అన్నారు, నాకు మాత్రం కాలేదు.

ఆ సమయంలోనే, ఇంట్లో కూర్చుని వీడియోలో పిల్లలకు లెక్కలు చెప్పే పని ఒకటి దొరికింది. ఏదో కంపెనీ. సాయంత్రం పూట హైదరాబాదు పిల్లలు, ఏడో తరగతి వాళ్లు. మొదట కొన్నాళ్లు తాత్కాలికంగా చెప్పాలి. వాళ్లకు నచ్చితే, మన లైను బాగుంటే, పర్మనెంటు చేస్తారు. పర్మనెంటు అయితే పగలూ సాయంత్రమూ కలిపి నిండుగా క్లాసులిస్తారు. నేను షెడ్డు మానేయవచ్చు. నాకు కావలసింది అదొక్కటే. కారూ మేడా నేనెప్పుడూ కోరలేదు. గోళ్లు తెల్లగా ఉండి, నేను చదివిన చదువు నేను చెప్పుకుంటే చాలు.

లైను కోసం మండలం నుంచి కేబులు లాగారు. కరెంటు స్తంభాల మీదా, వేపచెట్ల మీదా, ఒకచోట ఎవరిదో కొట్టం వాసం మీదా ఆనుకుంటూ అది మా ఇంటికి చేరింది. మోడెం డబ్బా ఎక్కడ పెట్టాలని కేబులు మనిషి అడిగితే మా నాయన గోడలో గూడు చూపించాడు. దేవుడి పటం ఉండే గూడు.

“ఆడ పెట్టు. దేవుని పక్కన నిమ్మళంగా ఉంటాది” అన్నాడు.

నిమ్మళంగానే ఉంది. మాది పాత మట్టి మిద్దె, గోడలు మూరెడు మందం. గూట్లో కూర్చున్న డబ్బా నుంచి వైఫై గది దాటేది కాదు. మొదటి రోజు క్లాసులో నేను భిన్నాల గురించి చెబుతున్నాను. ఒక పాప మైకు తెరిచి, “మిస్, మీరు మళ్లీ ఆగిపోయారు. నోరు తెరిచి అలాగే ఉన్నారు” అంది. మిగిలినవాళ్లు నవ్వారు. తెర మీద నా బొమ్మ నోరు తెరుచుకుని నిలిచిపోయి ఉంటే, అవతల వాళ్లు నవ్వుకుంటున్నారని తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి నాకు స్పీడు పరీక్షల పిచ్చి పట్టుకుంది. ఒక పేజీ తెరిచి బొత్తాం నొక్కితే గుండ్రటి మీటరు వస్తుంది, అందులో ముల్లు లేస్తుంది. మొదట దిగే స్పీడు చూపిస్తుంది, అంటే మనకు వచ్చేది. తర్వాత ఎక్కే స్పీడు, అంటే మన దగ్గర నుంచి పోయేది. సినిమాలు చూసేవాళ్లకు మొదటిది చాలు. పాఠం చెప్పేదానికి రెండోదే ప్రాణం. నా ముఖమూ, గొంతూ, నేను పలక మీద రాసే అంకెలూ అన్నీ పైకి ఎక్కి పోవాలి. మా ఇంట్లో దిగేది పరవాలేదు, ఎక్కేది మాత్రం సాయంత్రమయ్యేసరికి చతికిలబడేది. పొద్దున బస్సెక్కే ముందు చూసేదాన్ని, సాయంత్రం దిగి కాళ్లు కడుక్కోకుండానే చూసేదాన్ని. మా నాయన వాకిట్లో నుంచే కేకేసేవాడు.

“ఎన్ని ఇంచులు?”

“ముప్పాతికించు” అనేదాన్ని నేనూ. ఆయనకు అర్థమయ్యేలా చెప్పబోతే నాకే ఆ లెక్క అలవాటైపోయింది.

చేయగలిగినవన్నీ చేశాను. డబ్బాను గూట్లోంచి తీసి కిటికీలో పెట్టాను. దేవుడికి కోపమొస్తుందేమోనని నాయన ఒకపూట మాట్లాడలేదు. వైఫై మానేసి డబ్బా నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు వేశాను. రాయదుర్గంలో కొన్న ఆ వైరు గది మధ్యలో పరుచుకుని ఉంటే, దాన్ని దాటేటప్పుడు నాయన పంచె ఎత్తి పట్టుకుని కాలువ దాటినట్టు దాటేవాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. మా లైను మీద మా వీధి వీధంతా ఉంది. నేను షెడ్డుకు పోయినప్పుడు అడిగినవాళ్లందరికీ నాయన పాస్‌వర్డు చెప్పేశాడు.

“ఎట్ల ఇస్తావు నాయనా?” అని అరిచాను.

“ఇంటి ముందరికొచ్చి అడిగితే లేదని ఎట్ల సెప్పేది? మన బోరు దగ్గర బిందె ఎత్తుకొని వచ్చినోళ్లను ఎప్పుడన్నా వద్దన్న్యామా?”

నేను పాస్‌వర్డు మార్చేశాను. వారంపాటు మా నాయన వీధిలో తల దించుకుని నడిచాడు. ఎదురింటామె నాతో మాట్లాడటం మానేసింది. ఇంత చేసినా సాయంత్రం ముల్లు అక్కడక్కడే కొట్టుకునేది.

చివరికి కేబులు మనిషిని పిలిపించాను. అతను ఏదో చిన్న మిషను పెట్టి చూశాడు. అరుగు మీద కూర్చుని నాయన ఇచ్చిన మజ్జిగ తాగుతూ తీర్పు చెప్పాడు.

“మీ ఇంటిదాకా బాగానే వస్తాండాదక్కా. సాయంత్రమయితే ఊర్లు ఊర్లు ఒక్కతూరి మీద పడతారు. పైనుంచి వచ్చేది ఒకటే గదా, అందరూ పంచుకోవల్ల. నా చేతిలో ఏముండాది?”

“అయితే ఇంక ఇంతేనా?”

“అప్పుడప్పుడు ఆ డబ్బా ఆపి, కాసేపు ఇడిసిపెట్టి మళ్లా ఏయండి. కొంచెం బాగయితాది.”

నేను ఆ మాటను పట్టించుకోలేదు. ఏ వస్తువు పాడైనా ఆపి వేయమని చెప్పడం అందరికీ వచ్చిన వైద్యమే. మా నాయన మాత్రం తలకాయ ఊపుతూ, “అంతే గదా మరి” అన్నాడు. ఆయన ఊ కొట్టాడని నాకు గుర్తుంది. ఎందుకు కొట్టాడని అప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో సాయంత్రాలు మారిపోయాయి. నేను షెడ్డు నుంచి వచ్చి పరీక్ష చేస్తే ముల్లు లేచి నిలబడింది. క్లాసులో బొమ్మ ఆగలేదు. ఆ పాప మైకు తెరిచి, “మిస్, ఈ రోజు మీరు ఆగలేదు!” అని ఆశ్చర్యపోయింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. కిటికీ, వైరు, పాస్‌వర్డు, అన్నీ కలిసి ఇప్పటికి పనిచేశాయనుకున్నాను. ఏ వైరు కొనాలో, డబ్బా ఎక్కడ పెట్టాలో షెడ్డులో పక్క మిషను ఆమెకు పాఠం చెప్పాను. ఆమెకు ఇంట్లో నెట్టే లేదు, అయినా విన్నది. నాయన కూడా ఆ రోజుల్లో ఉత్సాహంగా ఉండేవాడు. “ఎన్ని ఇంచులు?” అని ముందే నవ్వుతూ అడిగేవాడు. “రెండు” అంటే తొడ చరుచుకునేవాడు.

కంపెనీ వాళ్లు నా క్లాసులు నచ్చాయని చెప్పారు. ఇంక మిగిలింది లైను పరీక్ష ఒక్కటే. ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రాం వేసుకోవాలి. అది వారం రోజులపాటు రాత్రీ పగలూ మన లైనును కనిపెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపకూడదు, వైరు పీకకూడదు. వారం తర్వాత అది చూపించిన గీతను బట్టి పర్మనెంటు చేస్తారు.

నాకు ఒకే ఒక్క భయం, కరెంటు. కొండల మీద గాలిమరలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి, కింద మా ఇళ్లలో కరెంటు పోతూనే ఉంటుంది. అందుకని మోడెంకు చిన్న బ్యాటరీ పెట్టె కొన్నాను. ల్యాప్‌టాప్‌ను ట్రంకు పెట్టె మీద పెట్టి, దుమ్ము పడకుండా పలచటి తువ్వాలు కప్పాను. నాయనను పిలిచి ఒకటికి రెండుసార్లు చెప్పాను.

“వారం దాకా కంప్యూటరు ముట్టుకోవద్దు నాయనా. మూయొద్దు, తుడవొద్దు, దాని దగ్గరికే పోవద్దు.”

“నేనెందుకు ముట్టుకుంటా?” అన్నాడాయన. అన్నట్టే ముట్టుకోలేదు. కోళ్లు ఆ గదిలోకి రాకుండా గడపకు అడ్డంగా చాట పెట్టాడు. పక్కింటి పిల్లలు ఆడుకుంటూ వస్తే తరిమేశాడు.

ఆ వారం నేను షెడ్డులో మనిషిని కాదు. జేబు తిరగేసి కుట్టి ఇద్దరి చేత తిట్లు తిన్నాను. నా మిషను ఫ్యాను కింద ఉంటుంది. షెడ్డులో ఫ్యాను కింద కుర్చీ అంటే ఏళ్లు పనిచేస్తే కానీ రాదు. పక్క మిషను ఆమె మెల్లగా అడిగింది.

“పోతాండావంట గదా అక్కా? పోతే నీ కుర్చీ నాకు సెప్పు.”

“నీదే అనుకో” అన్నాను. ఆమె ఆ రోజే తన టిఫిను డబ్బా తెచ్చి నా మిషను కింద పెట్టుకుంది.

వారం తర్వాత మెయిలు వచ్చింది. బస్సులో ఫోనులో చదివాను. నాలుగు ముక్కలు. లైను నిలకడగా లేదు, కనుక పర్మనెంటు చేయలేము, ఇంతకాలం పనిచేసినందుకు కృతజ్ఞతలు. కింద ఒక గీత బొమ్మ. గీత బాగానే నడుస్తుంది, రోజూ మధ్యాహ్నం మాత్రం నేలకు పడిపోయి, చాలాసేపు అలాగే పడుకుని, పొద్దు వాలే వేళకు మళ్లీ లేస్తుంది. ఏ రోజూ తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం కూడా పడింది. ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. భోంచేసి ఫ్యాను కింద నిద్రపోయాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాబట్టి కరెంటు కాదు. బ్యాటరీ పెట్టెను అనుమానించాను, కేబులు మనిషిని తిట్టుకున్నాను. బస్సు దిగి నేరుగా ఇంటికి నడిచాను.

నాయన వాకిట్లో గొడ్లకు చొప్ప వేస్తున్నాడు. ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పెట్టాను.

“చూడు నాయనా. రోజూ మధ్యాహ్నం లైను పడిపోతాండాది. వారమంతా ఇంతే. ఎందుకు పడతాందో ఏమో.”

ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. ముఖమంతా నవ్వు వచ్చింది.

“అది పడిపోయేది కాదు పాపా. నేనే ఆపతాండా.”

“ఆపేదేంది?”

“డబ్బాను. బువ్వ తిని ఆపతా. నువ్వు బస్సు దిగేకి ముందర ఏస్తా. పొద్దస్తమానం అట్లే ఇడిసిపెడితే సాయంత్రానికి నీకు యాడుంటాది? ఊరల్ల గదా. ఆ కేబులాయప్ప సెప్పలేదా, నువ్వూ ఈడే ఉంటివి గదా. ఆ పొద్దునుంచి ఒగదినం గూడా తప్పలేదు.”

నేను కిటికీలో ఉన్న డబ్బా వైపు చూశాను.

“ముట్టుకోవద్దని చెప్పినా కదా” అన్నాను.

“కంప్యూటరు ముట్టుకోవద్దంటివి. నేను దాన్ని యాడ ముట్టుకుంటి?” మళ్లీ ఫోను మీదికి వంగాడు. గోరు పెట్టి గీతను చూపించాడు. “సూడు, నిలిపి ఏసినాక ఎంతెత్తు లేసిందో! నిలపకముందు అంతెత్తు యాడుండాది?”

నిజమే. గీత పడి లేచిన తర్వాత రోజులో ఎక్కడా లేనంత ఎత్తున నడిచింది. రోజూ అంతే. నేను కిటికీకీ, వైరుకీ కట్టబెట్టిన గొప్పంతా ఆయనదే. ఆ పాప ఆశ్చర్యపోయిన సాయంత్రాలన్నీ ఆయన భోంచేసి వచ్చి, డబ్బా వెనకున్న స్విచ్చి ఆపి, బస్సు వేళ దాకా కాపలా కాసి నాకిచ్చినవే. కంపెనీ నన్ను వద్దన్నదీ దానివల్లే.

కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. డబ్బాను పెరికి వీధిలోకి విసిరికొట్టాలనిపించింది. ఏమప్పా నీకు బుద్ధి ఉండాదా, నెట్టేమన్నా నీళ్లా అని అరవాలనిపించింది. ఆయన ఫోను పట్టుకుని ఇంకా ఆ గీతనే మురిపెంగా చూసుకుంటున్నాడు. ఎన్ని బోర్లు వేసినా ఆయనకు అంత నిండుగా లేచింది ఏదీ కనబడలేదు. నేను పెరట్లోకి పోయి తొట్టి దగ్గర నిలబడి ఏడ్చాను.

కంపెనీకి మెయిలు రాయడానికి కూర్చున్నాను. మా నాయన రోజూ మధ్యాహ్నం మోడెంకు విశ్రాంతి ఇచ్చాడు, మా వైపు బోర్లకు అలాగే ఇస్తారు అని ఇంగ్లీషులో రాసి చదువుకుంటే నాకే పిచ్చిదాన్ని చూసినట్టుంది. చెరిపేసి, ఇంట్లోవాళ్లు పొరపాటున ఆపారు, ఇంకొక్క వారం చూడండి అని రాశాను. ఆ క్లాసు వేరేవాళ్లకు ఇచ్చేశాం, మళ్లీ ఖాళీ వస్తే చెబుతాం అని జవాబు వచ్చింది. అలా చెప్పేవాళ్లు మళ్లీ చెప్పరని బడి మూతపడ్డప్పుడే నేర్చుకున్నాను.

నాయన ఆపకుండా ఉండి ఉంటే గట్టెక్కేదాన్నా? అదీ చూశాను. “రెండు దినాలు ఆపొద్దు నాయనా, ఒకటి చూడల్ల” అన్నాను. ఆయన ఇష్టం లేకుండానే ఊరుకున్నాడు. సాయంత్రానికి ముల్లు మునుపటిలాగే చతికిలబడింది. మా ఎండకు ఆ డబ్బా వేడెక్కి అలా అవుతుందో, లైనే అంతో నాకు తెలియదు. నేనే ఒక్క నిమిషం ఆపి వేస్తే కాసేపు లేచి మళ్లీ కూలబడింది. ఆపితే మధ్యాహ్నం తప్పుతాను, ఆపకపోతే సాయంత్రం తప్పుతాను. ఇందులో నేను నెగ్గే దారి మొదటినుంచీ లేదు. ఆ సంగతి తెలిశాక మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు.

రెండు మూడు రోజులు మానేసి మళ్లీ షెడ్డుకు పోయాను. ఫ్యాను కింద పక్క మిషను ఆమె కూర్చుని ఉంది. నన్ను చూసి టిఫిను డబ్బా తీసుకుని లేవబోయింది.

“కూర్చో. నీకు చెప్పిందే కదా” అన్నాను. మూలన ఖాళీగా ఉన్న మిషను దగ్గరికి పోయి జేబులు అందుకున్నాను. మధ్యాహ్నానికి గోళ్లలో నీలం ఎప్పటిలాగే చేరింది.

నాయన కొన్నాళ్లు ఏమీ అడగలేదు. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

“పర్మనెంటు ఏమయింది పాపా?”

“కాలేదు నాయనా. లైను సాలలేదంట.”

ఆయన చెంబులో మిగిలిన నీళ్లు కరివేపాకు మొదట్లో పోశాడు.

“ఇంగో గంట ఎక్కువ నిలపాల్సింది” అన్నాడు. “నాదే తప్పు. కునుకు పడితే మర్సిపోతానని జల్దీ జల్దీ ఏస్తాంటి.”

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే మొత్తం చెప్పాలి. నోరు మూసుకున్నాను.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన డబ్బాను పొద్దున నేను బస్సెక్కగానే ఆపేస్తున్నాడు. పగలంతా ఊరనిస్తున్నాడు. బస్సు చప్పుడు వినబడగానే స్విచ్చి వేసి వాకిట్లోకి వస్తాడు.

“నిండుగుండాది పాపా. తోడుకో.”

నాకు తోడుకోవడానికి క్లాసు లేదు. అవతల ఎవరూ లేరు. అయినా ల్యాప్‌టాప్ తెరుస్తాను, ఆ పేజీ తెరిచి బొత్తాం నొక్కుతాను. నాయన గడప అవతల నిలబడి, లోపలికి రాకుండా, అక్కడి నుంచే అడుగుతాడు.

“ఎన్ని ఇంచులు?”

నీలి గోళ్ల వేళ్లు బల్ల కింద పెట్టుకుని, ముల్లు వైపు చూడకుండానే చెబుతాను.

“మూడు నాయనా.”